తోక బైట్లు

పట్టీ కదులుతోంది. కదులుతోందని నమ్మాలి గాని, చూస్తున్నంతసేపూ అక్కడే ఉంటుంది, కళ్ళు తిప్పుకుని మళ్ళీ చూస్తే పిసరంత ముందుకొచ్చి ఉంటుంది, గోడంత తెర, దాని మీద ఆకుపచ్చ పట్టీ, దాని కింద మేం ముగ్గురం, ఆదివారం పొద్దున, పిల్లలున్నవాళ్ళు పిల్లలతో, బద్ధకం ఉన్నవాళ్ళు బద్ధకంతో ఇళ్ళల్లో ఉండాల్సిన వేళ, ఈ అద్దాల గదిలో, ఈ దిక్కుమాలిన చలిలో. యంత్రాలకి చల్లగా ఉండాలట. మనుషులకి ఎలా ఉండాలో ఎవరూ అడగలేదు. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను, మా మేనేజరు బిస్కెట్లు తింటున్నాడు, మా మరిది చెప్పులు విడిచి, కాలు మీద కాలు వేసుకుని, బొటనవేలు ఆడిస్తున్నాడు. పట్టీ చివరిదాకా వెళ్తే పాత యంత్రాలు ఆరిపోతాయి, కొత్తవి అందుకుంటాయి, ఇన్ని ఆసుపత్రుల రోగుల వివరాలన్నీ ఇకమీదట కొత్త ప్రాసెసర్ల మీదే వెతుకుతారు. గంట పని అన్నారు. ఆ గంట గడిచాక ఏం జరగబోతోందో ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. తెలిసే కూర్చున్నాను. హాయిగా కూర్చున్నాను, అబద్ధమెందుకు.

మరిది అంటే నా చెల్లెలి మొగుడు. ఇంట్లో వదినగారూ అంటాడు, ఆఫీసులో మేడమ్ అంటాడు, నేను లేనిచోట ఏమంటాడో చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు. పెళ్ళైన కొత్తలో ఉద్యోగం లేక గోళ్ళు గిల్లుకుంటుంటే చెల్లెలు మా ఇంటికొచ్చి, వంటగట్టు మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ, "నువ్వు ఒక్క మాట చెబితే చాలక్కా" అంది, చెప్పాను, అది అలా కాళ్ళూపుతూ అడిగితే చిన్నప్పుడు నా గౌన్లు కూడా ఇచ్చేశాను. పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని నేర్పాను. మొద్దేం కాదు, చురుకైనవాడే, అదే నా ఏడుపు, మొద్దయితే జాలిపడి ఊరుకునేదాన్ని. నేర్పిందంతా నేర్చుకున్నాడు, నేర్చుకున్నాక నేర్పిన మనిషి అడ్డంగా కనిపించింది. ఓసారి అందరం భోజనాలకి కూర్చుంటే, "వదినగారి కోడ్ పాతకాలం మేడ లాంటిదండీ, గట్టిగా ఉంటుంది, లిఫ్టే ఉండదు" అన్నాడు. అందరూ నవ్వారు, చెల్లెలు పొలమారేదాకా నవ్వింది, మా ఆయన కూడా నవ్వి, నా మొహం చూసి మంచినీళ్ళు తాగాడు. ఆయనతో ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. మరిదితో మాత్రం మరింత మర్యాదగా మాట్లాడడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను, ఒళ్ళు మండినకొద్దీ నాకు మర్యాద ఎక్కువవుతుంది, అండీ, గారూ, తమరి దయ, అన్నీ వచ్చేస్తాయి.

మేడ అట. ఆ మేడ కట్టేటప్పుడు నువ్వెక్కడున్నావు. హ్యాష్ అంటే ఏమిటే అని మా అత్తగారు ఒకసారి అడిగారు, మా ఇంట్లో నా పని గురించి అడిగిన మనిషి ఆవిడొక్కరే. పిండిమర లాంటిది అత్తయ్యా, పుట్టిన తేదీ, పేరు పోసి తిప్పితే కింద ఒక నంబరు రాలుతుంది, ఆ నంబరే ఆ మనిషి కాగితాలున్న అర, ఎప్పుడు పోసినా అదే పేరుకి అదే నంబరు రాలాలి, అన్నాను. రాలకపోతే? రాలకపోతే కాగితాలు అరలోనే ఉంటాయి, అర ఎక్కడుందో తెలీదు. అంటే మనిషి ఉండీ లేనట్టేనా, అన్నారావిడ. అంతే. ఆ మరని పాత ప్రాసెసర్ కోసం చేత్తో రాశాను, మామూలు భాషలో కాదు, దాని సొంత భాషలో, ఒక్కొక్క ఆజ్ఞ పేర్చి. ఆ చిప్ ఎక్కడ తడుముకుంటుందో, ఎక్కడ పరిగెడుతుందో నాకు మా ఆయన గురక తెలిసినంత బాగా తెలుసు. గుణకారం చెప్పి జవాబు కోసం చేతులు ముడుచుకుని నిలబడకూడదు, ఆ జవాబు ఉడికేలోపు పక్క పొయ్యి మీద ఇంకో పేరు ఎక్కించాలి, అలా నాలుగు పొయ్యిలు, నాలుగు పేర్లు, ఒక్కో పేరులోంచి నాలుగేసి బైట్లు, ఒకటి దించుతుంటే ఒకటి పొంగుతుండాలి, ఏదీ మాడకూడదు. పొద్దస్తమానం అదే ధ్యాస, స్నానాల గదిలో కూడా ఆజ్ఞల వరస మార్చుకునేదాన్ని, ఒక వరస కుదిరిన రోజున తడిజుట్టుతో ఆఫీసుకి పరిగెత్తాను. ఎవరికి కావాలి ఇదంతా. ఆ ఫైల్ పైన మొదటి లైనులో నా పేరుండేది, చాలనుకున్నాను.

ఆ పేరు మా మరిది తీసేశాడు. కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయన్నారు, కరెంటు తక్కువ తింటాయన్నారు, వాటికి ఆ పాత చిప్ భాష రాదు, వేరే కంపెనీ, వేరే ఆజ్ఞలు, నేను పేర్చిన వరస వాటికి గోడమీద గీసిన గీతలతో సమానం. మళ్ళీ రాయాలి. నేను రాస్తానన్నాను. మేనేజరు నన్నూ, మా మరిదినీ మార్చి మార్చి చూసి, "ఎందుకు మేడమ్ మీకు శ్రమ" అన్నాడు. ఆ శ్రమ మా మరిది పడ్డాడు, ఎనిమిది పొయ్యిలు పెట్టాడు, ఆ చిప్‌లో వెడల్పు ఎక్కువ, పడతాయి, నేనైనా అదే చేసేదాన్ని. వేగం రెట్టింపయింది. అందరినీ కూర్చోబెట్టి తెర మీద రెండు స్తంభాలు చూపించాడు, పొట్టిది నాది, పొడుగుది అతనిది, చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను, అరచేతులు మండేలా కొట్టాను. తర్వాత ఫైల్ తెరిచి చూస్తే పైన అతని పేరొక్కటే ఉంది. నా పేరు కింద కలిపిందీ కాదు, పక్కన పెట్టుకున్నదీ కాదు, నాది చెరిపేసి. అడగలేదు. అడిగితే, మర్చిపోయానండీ, అంటాడు, ఆ మాట అతని నోటితో వినడం నాకిష్టం లేదు.

మా ఆఫీసులో ఫైల్ పైన పేరంటే అలంకారం కాదు. అది మేనేజరు పెట్టిన రూలు. వెనకోసారి ఎవరో దేనికో హడావిడిపడి, తనది కాని పనిని సగంలో ఆపించి నవ్వులపాలయ్యాడు, అప్పట్నుంచీ, పేరున్న మనిషి చేయెత్తితేనే పని ఆగుతుంది, ఆ ఫైల్‌ని ముట్టుకునేది ఎవరో కూడా ఆ మనిషే చెబుతాడు, మిగతావాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా నోరు మూసుకుని కూర్చోవాలి. పోయిన వారం నేను ఒక సందేహం అడగబోతే, "మీ ఫైలా మేడమ్?" అన్నాడు మేనేజరు. కాదన్నాను. "మరి?" అన్నాడు, బిస్కెట్ కొరికినట్టే ఆ మాట కూడా కొరికి. మా మరిది నేలచూపులు చూస్తూ నవ్వుకున్నాడు. సరే, నాది కాదుగా, అనుకున్నాను. కాదు కాబట్టే ఇప్పుడు ఇంత తీరిగ్గా కూర్చోగలిగాను.

ఇంతకీ విషయం తోకలో ఉంది. నాలుగేసి బైట్లు తీసుకుంటూ పోతే చివర ఒకటో రెండో మూడో మిగులుతాయి, ఆ మిగిలినదాన్ని తోక అంటాం. దాని వేగం ఎవరూ కొలవరు, అందుకని దాన్ని మామూలు భాషలోనే రెండు లైన్లలో రాసి పారేశాను, ఏ చిప్ మీదైనా నడుస్తుందని. మా మరిది ఎనిమిది పొయ్యిలూ తనే కట్టుకుని, తోక మాత్రం నాది ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టుకున్నాడు, తోక ఎవడు చూస్తాడులే అని. ఇక్కడే ఉంది తమాషా. బైట్ అంటే యంత్రం అక్షరాలని దాచుకునే అంకె. నూట ఇరవై ఏడు దాకా రెండు చిప్‌లకీ తగాదా లేదు. అది దాటిందా, మనం రాసింది చిప్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పాతదాంట్లో దాన్ని మైనస్ అంకెగా చదువుతుంది, కొత్తదాంట్లో ప్లస్సుగా చదువుతుంది. అదే లైను, అక్షరం తేడా లేదు, అర్థం రెండు రకాలు. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఆ గీటుకి లోపలే. మన లిపిలో రాసే పేరైతే ప్రతి బైటూ బయటే. మా వాళ్ళు పరీక్షకి వేల పేర్లు పోసి చూశారు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎందుకంటే ఈ ఆఫీసులో మన మాటైనా సరే ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, పెళ్ళానికి పాలు తెమ్మని చెప్పేది కూడా. ఆసుపత్రి కిటికీల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం మన లిపిలో కొడతారు, ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక, ఫైల్లోంచి తీసేసిన నా పేరుని నేనే ఆ మరలో పోసి చూద్దామని బుద్ధి పుట్టింది, ఉక్రోషం కొద్దీ, మా నాన్న పెట్టినట్టు మన లిపిలో పూర్తిగా కొట్టాను. పాతదాంట్లో ఒక నంబరు. కొత్తదాంట్లో ఇంకోటి. నాలుగేసి బైట్లుగా సరిగ్గా తెగే పేర్లు బతికిపోతాయి, నా పేరు తెగదు.

ఎంత సంతోషించానో చెబితే నన్ను మనిషి అనరు. ఇంటికెళ్ళి పాటలు పాడుకుంటూ బట్టలు మడతపెట్టాను, మా ఆయన అనుమానంగా చూశాడు. వివరాలన్నీ పాత నంబర్ల అరల్లోనే కొత్త యంత్రాలకి చేరతాయి, సోమవారం పొద్దున కిటికీలు తెరుస్తారు, పేరు కొడతారు, మర ఇంకో నంబరు రాలుస్తుంది, ఆ అర ఖాళీగా ఉంటుంది, ఈ పేరుతో ఎవరూ లేరని తెర చెబుతుంది. ఒకరికి, ఇద్దరికి, వరసలో నిలబడ్డవాళ్ళలో ముప్పాతిక మందికి. ఫోన్లు మోగుతాయి. ఫైల్ తెరుస్తారు, పైన ఎవరి పేరుంది? పొడుగు స్తంభం గారిది. అప్పుడు నేను మెల్లగా లేచి, ఒక్క మాట చేర్చి, తోకని పాతదాని లాగే మైనస్‌గా చదవమని చెప్పే ఒకే ఒక్క మాట, చేర్చి కూర్చుంటాను. మధ్యలో కొన్ని గంటలు ఇబ్బంది. కొత్త కాగితం తెరుస్తారు, అంతేగా. పెన్సిలిన్ పడదని పాత కాగితంలో రాసి ఉన్న మనిషికి కొత్త కాగితం తెరుస్తారు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా పక్కకి నెట్టాను. నాది కాదుగా ఫైల్. చేయెత్తే హక్కు నాకు లేదుగా, ఎత్తినా, మీ ఫైలా మేడమ్ అంటాడుగా. ఆ రూలు మీద ఇంత కోపం ఉన్నదాన్ని, నిన్నటి నుంచీ దాన్నే దిండులా తలకింద పెట్టుకున్నాను.

చెల్లెలి ఫోన్. శాలువాలో వణుకుతోంది ఫోను, తీశాను.

"అక్కా, ఆయన అక్కడే ఉన్నాడా? ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు."

"ఇక్కడే ఉన్నారు. బొటనవేలు ఆడిస్తున్నారు."

"ఈ పని అయిపోతే ఆయన్ని పెద్ద పోస్టులో వేస్తారటగా. నీకు సంతోషమేగా?"

"ఎందుకుండదూ," అన్నాను.

నా గొంతులో ఏదో ఉందని దానికి తెలుస్తుంది, గౌన్లప్పటి నుంచీ తెలుస్తుంది, కాని తెలిసినా అడగదు, అడిగితే దాని మొగుడి మీద నేను చెప్పేది వినాల్సొస్తుంది. "సర్లే, తిన్నావా" అని పెట్టేసింది. దాని మీద కూడా కోపమే నాకు, ఆ నవ్వు మీద, ఆ పొలమారడం మీద. అయినా రేపు ఉద్యోగం ఊడిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని అది మళ్ళీ వంటగట్టు ఎక్కి కాళ్ళూపితే నేనేం చెబుతానో నాకే తెలీదు. పట్టీ సగం దాటింది.

బొటనవేలు ఆగింది. అది ఆగాకే గాని అంతసేపూ దాన్నే చూస్తున్నానని నాకు తెలియలేదు. మా మరిది ముందుకు వంగి ఏదో కొడుతున్నాడు, మా వెనక గోడ కూడా అద్దమే, అతని తెర అందులో తిరగబడి కనిపిస్తోంది. గుండ్రని అక్షరాలు. ఈ ఆఫీసులో ఎవరూ కొట్టని అక్షరాలు. తిరగేసి ఉన్నా పోల్చుకున్నాను, వాళ్ళ పాప పేరు, నేనే పెట్టిన పేరు. దాని కింద ఒక నంబరు, ఆ కింద ఇంకో నంబరు, రెండింటికీ పొడుగులో తప్ప పోలిక లేదు. ఎందుకు తట్టిందో అతనికి ఆ క్షణాన, పిల్ల గుర్తొచ్చి సరదాకి కొట్టాడో, భయం వేసి కొట్టాడో. చూశాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయింది, అనుకున్నాను, నా సోమవారం పోయింది, ఇప్పుడు చేయెత్తుతాడు, ఫైల్ అతనిది, ఎత్తాల్సింది అతనే, సార్ ఒక చిన్న పొరపాటు అంటాడు, ఒక్క మాట చేరుస్తాడు, ఆఖరి నిమిషంలో ఆసుపత్రులన్నిటినీ కాపాడిన మొనగాడవుతాడు. పళ్ళు కొరుక్కుంటూ ఎదురుచూశాను. ఎత్తలేదు. తెర మీది ఆ కిటికీ మూసేసి, ఫైల్ తెరిచి, పైకి వెళ్ళి, ఏదో చెరిపి, ఏదో రాసి, మూసి, లేచి నా దగ్గరికి వచ్చాడు.

"వదినగారూ," అన్నాడు మెత్తగా. ఆఫీసులో ఆ పిలుపు అదే మొదటిసారి.

"చెప్పండి మరిదిగారూ."

"ఫైల్ పైన మీ పేరు మళ్ళీ పెట్టాను. మొదట రాసింది మీరే కదా. తీసేయడం నాదే తప్పు, చాన్నాళ్ళ నుంచీ మనసులో పీకుతోంది."

"మరి మీ పేరు?"

"తీసేశాను. మీదొక్కటే ఉంటే నిండుగా ఉంటుందని."

నిండుగా. కళ్ళు కూడా తడిచేసుకున్నాడు, ఒప్పుకోవాలి, పనితనం ఉంది, నేర్పినదాన్ని నేనే. ఇన్నాళ్ళుగా నేను దేనికోసం కుమిలిపోయానో దాన్నే పళ్ళెంలో పెట్టి తెచ్చాడు, రేపు పొద్దున కిటికీల్లో పడబోయే తిట్లన్నీ దాని కింద సర్ది. తోక నాదే, లైను నాదే, పేరూ నాదే, ఎవరు తవ్వినా నా దగ్గరికే వస్తారు, పాపం వదినగారు, పాతకాలం మేడ. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే రేపు నా పరువు పోతుంది, నోరు తెరిస్తే ఈ పూటే పోతుంది, అతనికి ఎటైనా ఒకటే. వెళ్ళి కాఫీ పోసుకుంటున్నాడు, చక్కెర వేసుకుంటున్నాడు.

తలకింద దిండు లాగేశాడు కదా. అది ముందు తెలియలేదు నాకు, పరువు సంగతే చూసుకున్నాను, తర్వాత తెలిసింది. నాది కాదుగా అని ఇక అనుకోవడానికి లేదు. ఈ పేరుతో ఎవరూ లేరు అని తెర మీద పడేది నా పేరు కింద. అప్పటిదాకా ముప్పాతిక మంది అని లెక్కగా ఉన్నవాళ్ళు అప్పుడు మనుషులయ్యారు, సిగ్గులేకుండా చెబుతున్నాను, అప్పుడే అయ్యారు, కిటికీ ముందు ఒకామె, చంకలో జ్వరం పిల్ల, మొన్ననే కదండీ రాయించుకున్నాను అంటుంది, లేదమ్మా అంటాడు లోపలివాడు, సరిగ్గా చెప్పు పేరు, అంటాడు, ఆవిడ తన పిల్ల పేరు తనే తప్పు చెబుతున్నానేమోనని మళ్ళీ కూడబలుక్కుని చెబుతుంది. లోపల సూదిమందు ఎక్కిస్తుంటారు, పడదని రాసిన కాగితం ఎక్కడో అరలో భద్రంగా ఉంటుంది. నేను రాసిన మరలో. తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చి రాసిన మరలో. నా మర మనిషిని లేడంటుందా? మా మరిది పేరు కింద అంటే అననీ అనుకున్నాను, నా పేరు కింద అంటే ఒప్పుకోను. దీన్ని మంచితనం అని ఎవరైనా అంటే నేను కాదంటాను. పట్టీ చివరికి వచ్చేసింది.

చేయెత్తాను. "ఆపండి."

"మీ ఫైలా మేడమ్?" అన్నాడు మేనేజరు, తల తిప్పకుండానే, అలవాటు కొద్దీ.

"నాదే. తెరిచి చూడండి."

తెరిచాడు. బిస్కెట్ పొట్లం పక్కన పెట్టాడు. ఆపే మీట నొక్కాడు, పట్టీ ఎర్రబడి నిలిచిపోయింది, గదిలో ఏసీ మోత ఒక్కసారిగా పెద్దదైనట్టు వినిపించింది. చెప్పాను. తోక, మైనస్, మన లిపి, అన్నీ చెప్పాను, నా పేరు పోసి చూపించాను, రెండు నంబర్లూ చూశాడు, తన పేరు కొట్టి చూసుకున్నాడు, వాటినీ చూశాడు.

"ఈ లైను ఎవరు రాశారు?"

"నేనే."

"రేపు పైవాళ్ళు అడుగుతారు."

"నేనే వెళ్ళి చెబుతాను."

"ఆ రోజుల్లో అలాగే రాసేవారు సార్," అన్నాడు మా మరిది, కాఫీ కప్పుతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, ఎంత దయగా అన్నాడో, "మేడమ్‌ని ఏమీ అనకండి."

మళ్ళీ మేడమ్. నేను వెనక్కి తిరగలేదు. "సార్, పేరున్నవాళ్ళు తప్ప ఫైల్ ముట్టుకోకూడదని మీ రూలు కదా," అన్నాను. అవునన్నాడు మేనేజరు. "అయితే ఈ ఫైల్ ముట్టుకునే అనుమతి మరిదిగారికి తీసేయండి. సరిచేసేది నేను, మళ్ళీ పట్టీ నడిపించేది నేను." మేనేజరు తీసేశాడు, రెండు నొక్కుళ్ళ పని. తీసి, ఫైల్‌ని పైనుంచి కిందికి జరుపుతూ పోయి, పోతూ పోతూ ఒకచోట ఆగాడు. అది తోక కాదు.

"మేడమ్, ఈ ఎనిమిది వరసల లూప్... వేగం రెట్టింపైంది, అది కూడా ఈ ఫైల్లోనే ఉంది కదా."

"ఉంది సార్."

"పైవాళ్ళకి పంపాల్సింది అదే. అది కూడా మీదేనా మరి?"

వెనక కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కాదండీ అది నాది అని మా మరిది అనాలంటే, నీ పేరేదీ అంటారు, తీసేశానంటే, ఎప్పుడంటారు, ఇందాకే అంటే, ఎందుకంటారు. ఆ చివరిది దాటాలి. అతను ఊపిరి పీల్చుకోవడం నా మెడకి తెలుస్తోంది. ఎంతసేపైనా ఇస్తాను, పట్టీ ఆగే ఉంది.

"పైన పేరు చూడండి సార్," అన్నాను.